ఆఫీసు వేళల్లో పది నిమిషాలు బయట నడిచి వస్తే తప్పా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హనుమకొండ నుంచి కాజీపేట వెళ్లే మెయిన్ రోడ్డు మీద ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను. పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఆరున్నర దాకా దాదాపు లేవను. రెండేళ్లుగా నడుము పట్టేస్తోంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడతాయి, సాయంత్రానికి స్క్రీన్ మీద అంకెలు అలుక్కుపోయినట్లు కనిపిస్తాయి. ఈ మధ్య రక్తపరీక్షలో మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది. మందులు అవసరం లేదు, రోజూ నడవమని డాక్టర్ గారు చెప్పారు. పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు, అత్తమ్మ మందులు చూసుకోవాలి, రాత్రి ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. ఇక మిగిలింది ఆఫీసు సమయమే. మా దగ్గర మగవాళ్లు రోజుకు మూడుసార్లు ఛాయ్‌కి బయటికి వెళ్లొస్తారు, ఎవరూ ఏమీ అనరు. నేను ఒక్కరోజు మధ్యాహ్నం పది నిమిషాలు నడిచొస్తే "ఏమైందమ్మా, ఎటు పోయినవ్?" అని నలుగురు అడిగారు, మేనేజర్ గారు గడియారం చూశారు. పది నిమిషాల నడకతో నిజంగా ఏమైనా ఒరుగుతుందా? మన ఎండల్లో ఎలా నడవాలి? రోడ్డు మీద ఒక్కదాన్నే నడవడం బాగుంటుందా?
— ఒక సోదరి, హనుమకొండ

సమాధానం: ఒరుగుతుంది, అదీ మీలాంటి స్థితిలో ఉన్నవారికే ఎక్కువగా ఒరుగుతుంది. మీ పరీక్షలో వచ్చిన 6.1 హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష ఫలితం అయి ఉంటుంది. అందులో 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, 6.5 నుంచి మధుమేహంగా లెక్కిస్తారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది అయితే, మీరున్న ఈ ముందు దశలో ఉన్నవారు 13.6 కోట్ల మంది. ఈ దశలో ఉన్నవారంతా మధుమేహంలోకి వెళ్లిపోరు. తిండి, బరువు, కదలిక సరిచేసుకుని వెనక్కి వచ్చినవారు చాలామంది ఉంటారు. మందు రాయకుండా నడవమని చెప్పిన మీ డాక్టర్ గారు తేలికైన సలహా ఇచ్చి పంపించారని అనుకోకండి, ఈ దశలో ఇవ్వవలసిన చికిత్సలో నడక ఒక ప్రధానమైన భాగం.

మీ విషయంలో ఎంతసేపు నడుస్తారన్నదాని కంటే ఎప్పుడు నడుస్తారన్నది ముఖ్యం. అన్నం తిన్న తరువాత దాదాపు గంటకు రక్తంలో గ్లూకోజు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ గ్లూకోజును వాడుకోగల పెద్ద కండరాలు తొడల్లోనూ పిక్కల్లోనూ ఉంటాయి, కుర్చీలో కూర్చున్నంతసేపూ అవి దాదాపు ఖాళీగానే ఉంటాయి. లేచి నడవడం మొదలుపెట్టగానే ఆ కండరాలు సంకోచిస్తూ, ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి లాక్కుంటాయి. మీ శరీరంలో ఇన్సులిన్ చేయవలసినంత పని చేయలేకపోతున్నందువల్లే ఆ అంకె 6.1కి చేరింది కాబట్టి, ఇన్సులిన్‌కు సాయంగా వచ్చే ఈ రెండో దారి మీకు ఎంతో విలువైనది. మధ్యాహ్నం భోజనం ముగించిన పావుగంటకో ఇరవై నిమిషాలకో పది పన్నెండు నిమిషాలు నడిస్తే ఆ పెరుగుదల మొదలయ్యే సమయంలోనే దానికి అడ్డుకట్ట వేసినట్లవుతుంది.

దీనిని పరీక్షించి చూసినవారు ఉన్నారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 41 మంది మధుమేహ రోగులకు కొంతకాలం రోజుకు ఒకసారి తమకు వీలైన వేళ 30 నిమిషాలు నడవమనీ, మరికొంతకాలం ప్రతి భోజనం తరువాత 10 నిమిషాలు నడవమనీ చెప్పారు. 2016లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో, మొత్తం నడక సమయం ఒకటే అయినా, భోజనాల తరువాత నడిచిన రోజుల్లో తిన్నాక పెరిగే గ్లూకోజు సగటున 12 శాతం తక్కువగా ఉంది, రాత్రి భోజనం తరువాత ఆ తేడా 22 శాతం దాకా ఉంది. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 2023లో ప్రచురించిన మరో ప్రయోగంలో, రోజంతా కూర్చోబెట్టి ప్రతి అరగంటకూ 5 నిమిషాలు నడిపించినప్పుడు, అసలు లేవని రోజుతో పోలిస్తే భోజనం తరువాతి గ్లూకోజు పెరుగుదల సగానికి పైగా తగ్గింది, రక్తపోటు కూడా తగ్గింది. అందులో పాల్గొన్నవారు 11 మందే కాబట్టి ఆ అంకెను యథాతథంగా మీకు అన్వయించను. కానీ ఫలితాలు పోతున్న దిశ మాత్రం అన్నిచోట్లా ఒకటే. కూర్చునే సమయాన్ని మధ్యమధ్య తెంచడం శరీరానికి మేలు చేస్తుంది.

ఇది ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. లండన్ నగరంలో రెండంతస్తుల బస్సులు నడిపే డ్రైవర్లనూ, అదే బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లనూ పోల్చి చూసిన జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, కూర్చుని పనిచేసే డ్రైవర్లలోనే గుండెజబ్బులు ఎక్కువగా ఉన్నాయని 1953లోనే రాశారు. మన ఆర్టీసీ బస్సుల్లోనూ ఈ రెండు కొలువులూ పక్కపక్కనే ఉంటాయి, పని గంటలు దాదాపు ఒకటే, దేహానికి దొరికే కదలిక మాత్రం ఒకటి కాదు. మీది ఆ డ్రైవరు కుర్చీ లాంటి ఉద్యోగం.

పొద్దున నడవలేకపోతున్నానని మీ ఉత్తరంలో ఒక బాధ కనిపించింది. భద్రకాళి చెరువు కట్ట మీదా, వడ్డేపల్లి చెరువు దగ్గరా, నెహ్రూ స్టేడియంలోనూ తెల్లవారుజామునే నడిచేవారిని చూసి, నడక అంటే అదొక్కటేనని చాలామంది అనుకుంటారు. వారు చేస్తున్నది మంచి పనే, అందులో సందేహం లేదు. అయితే పొద్దున ముప్పావుగంట నడిచి, తరువాత ఎనిమిది గంటలు కదలకుండా కూర్చునేవారికి కూడా మధ్యాహ్నపు కదలిక అవసరమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమను సూచిస్తుంది. ఒకప్పుడు ఆ శ్రమ ఒక్కో విడతకు కనీసం 10 నిమిషాలు ఉండాలని చెప్పిన ఆ సంస్థ, 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఆ నియమాన్ని తీసివేసింది. ఏ కాస్త కదలికైనా లెక్కలోకి వస్తుందని చెప్పడంతోపాటు, కూర్చునే సమయాన్ని తగ్గించుకోమని కూడా విడిగా చెప్పింది. ఇక రోజుకు 10,000 అడుగులు అన్న మాట మీరు వినే ఉంటారు. అది 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరాన్ని అమ్మేందుకు ప్రచారంలోకి వచ్చిన అంకె. అంతకన్నా చాలా తక్కువ అడుగులతోనే ఆరోగ్యానికి మేలు మొదలవుతుంది కాబట్టి, ఆ అంకె అందలేదని నడకనే మానుకోవడం సరికాదు.

మీ పనివేళలను చూస్తే నాకు తోచిన ఏర్పాటు ఇది. పదకొండున్నర ప్రాంతంలో ఎనిమిది నిమిషాలు, భోజనం తరువాత పన్నెండు నిమిషాలు, నాలుగున్నరకు మళ్లీ ఎనిమిది నిమిషాలు నడవండి. రోజుకు 28 నిమిషాలు, వారానికి ఆరు పనిదినాలు అనుకుంటే 168 నిమిషాలు అవుతుంది, అంటే ఇల్లు దాటి అదనంగా ఒక్క నిమిషం కేటాయించకుండానే 150 నిమిషాల గీత దాటుతారు. నడిచేటప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. భోజనం తరువాతి నడక మాత్రం కాస్త నెమ్మదిగా ఉన్నా ఫరవాలేదు, కడుపు నిండుగా ఉన్నప్పుడు పరుగులాంటి నడక అవసరం లేదు. చిట్టీ పాట ఉన్న రోజున ఈ మూడూ కుదరవని నాకు తెలుసు. అటువంటి రోజున భోజనం తరువాతి నడకను వదలకుండా, మిగిలిన రెండింటినీ వదిలేయండి. మూడింటిలో ఒక్కటే మిగలాలంటే అదే మిగలాలి.

ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది, ఆఫీసు వరండాలోనే అటూ ఇటూ తిరిగితే సరిపోదా, బయటికే ఎందుకు వెళ్లాలి అని. రక్తంలో షుగర్ విషయానికే అయితే వరండా చాలు, మెట్లు ఇంకా మేలు. కండరాలకు తాము కదులుతున్నది గచ్చు మీదనా మట్టి మీదనా అన్న తేడా లేదు. కానీ మీరు చెప్పిన మిగిలిన బాధలకు బయటికి వెళ్లడంలోనే మందు ఉంది. మొదటిది కళ్లు. స్క్రీన్‌ను చూస్తున్నంతసేపూ దగ్గరి వస్తువు మీద దృష్టి నిలపడానికి కంటిలోని చిన్న కండరం బిగుసుకుని ఉంటుంది, రెప్పపాట్లు కూడా బాగా తగ్గిపోయి కన్ను పొడిబారుతుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమని కంటి వైద్యులు చెప్పేది ఇందుకే. నాలుగు గోడల మధ్య ఇరవై అడుగుల దూరం ఎక్కడ దొరుకుతుంది? వీధి చివరి వేపచెట్టునో, దూరపు గుట్టనో చూస్తూ నడిచిన ఎనిమిది నిమిషాల్లో ఆ కండరం పూర్తిగా సడలుతుంది. అయితే ఆ ఎనిమిది నిమిషాలూ ఫోను చూస్తూ నడిస్తే కంటికి దక్కవలసినది దక్కదు, రోడ్డు మీద ప్రమాదం కూడా.

రెండోది వెలుతురు. ట్యూబులైట్ల కింద ఆఫీసు గదిలో ఉండే వెలుతురు సాధారణంగా 300 నుంచి 500 లక్స్, మధ్యాహ్నపు వేళ బయట చెట్టునీడలో కూడా అది కొన్ని వేలు ఉంటుంది, నేరుగా పడే ఎండలో లక్ష దాకా పోతుంది. మన కంటికి గది వెలుతురు చాలినంతగానే అనిపిస్తుంది కానీ, లోపలి నిద్ర గడియారాన్ని సరిచేసే వెలుతురు పగటి ఆకాశానిదే. మధ్యాహ్నం కునుకు రావడానికి అన్నం ఒక్కటే కారణం కాదు, ఆ వేళకు శరీరంలో చురుకుదనం సహజంగానే కాస్త తగ్గుతుంది. అప్పుడు బయటి వెలుతురులోకి వెళ్లి నడిచి వస్తే ఆ మగత తేలికపడుతుంది, రాత్రి నిద్ర కూడా కుదురుకుంటుంది. చలికాలంలో మధ్యాహ్నం బయటికి వెళితే డి విటమిన్ తయారీకి కావలసిన ఎండ కూడా కొంత అందుతుంది. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళలోనే ఆ కిరణాలు బలంగా ఉంటాయి కాబట్టి, సాయంత్రపు నీరెండతో ఆ ప్రయోజనం అంతగా నెరవేరదు.

నడిచి వచ్చాక లెక్కల్లో తప్పులు తగ్గుతాయా అంటే, ఇక్కడ కొంచెం జాగ్రత్తగా చెప్పాలి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో నడక వల్ల కొత్త ఆలోచనలు పుట్టించే శక్తి పెరిగింది కానీ, ఒకే ఒక్క సరైన జవాబు ఉన్న ప్రశ్నలకు అది సాయపడలేదు. మీ పని రెండో రకానిది, అందువల్ల నడుస్తూ లెక్క తేల్చుకోవాలని చూడకండి. మిషిగన్ విశ్వవిద్యాలయం 2008లో చేసిన పరిశీలనలో చెట్లున్న తోటలో నడిచి వచ్చినవారు అంకెలను వెనుక నుంచి ముందుకు గుర్తుచేసుకునే పరీక్షలో మెరుగయ్యారు, నగరం నడిబొడ్డున నడిచినవారిలో ఆ మెరుగుదల కనిపించలేదు. అయితే అది గంటకు కాస్త తక్కువ సేపు సాగిన నడక. పది నిమిషాల నడకకు అంత ఫలితం ఉంటుందని నేను చెప్పను. కానీ అలసిన దృష్టికి వాహనాల రొద కంటే చెట్లున్న వీధి మేలన్న సూచనను మాత్రం మనం ఉపయోగించుకోవచ్చు.

ఆ సూచన మీ ఆఫీసుకు బాగా పనికొస్తుంది. కాజీపేట మెయిన్ రోడ్డు నడవడానికి అనువైనది కాదు. ఆటోలు, బస్సులు, దుకాణాల ముందు ఆపిన బండ్లు కలిసి మనిషి కాలు మోపే చోటు మిగల్చవు, పొగ సరేసరి. కానీ ఆ రోడ్డుకు ఏ వైపు దిగినా రెండు మలుపుల్లో ఇళ్ల వీధులు వస్తాయి, ప్రహరీల మీదుగా కానుగ, వేప, మామిడి కొమ్మలు రోడ్డు మీదికి వంగి ఉంటాయి, ఆ వేళలో వాహనాలూ తక్కువే. ముందుగా ఒకసారి చూసుకుని, ఎనిమిది నిమిషాల్లో తిరిగి రాగల ఒక చుట్టును ఎంచుకోండి. మీ ఆఫీసు పబ్లిక్ గార్డెన్‌కు దగ్గరైతే అంతకన్నా మంచి చోటు లేదు. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడివైపున, అంటే ఎదురుగా వచ్చే బండ్లు మీకు కనిపించేలా నడవండి, వెనక నుంచి వచ్చేదానికంటే ముందు నుంచి వచ్చేదానిని తప్పుకోవడం సులభం.

ఒంటరిగా నడవడం గురించి అడిగారు. పగటిపూట, ఇళ్ల మధ్య, రోజూ ఒకే వేళకు ఒకే దారిలో నడిచే మనిషిని ఆ వీధివారు త్వరగానే గుర్తుపడతారు. కిరాణా కొట్టాయన, ఇస్త్రీ బండి ఆమె, గేటు దగ్గర కూర్చునే పెద్దాయన మీకు తెలిసినవారవుతారు. ఆ పరిచయమే ఒక రక్షణ. అయినా మొదటి రెండు వారాలు మీ విభాగంలోని మరో సోదరిని వెంట తీసుకుపొమ్మని నా సలహా. ఇద్దరు కలిసి వెళితే ఎవరికీ అది వింతగా కనిపించదు, ఒకరు బద్ధకించిన రోజున మరొకరు లేపుతారు, పైగా మీరు పడుతున్న నడుము నొప్పి ఆమెకూ తప్పకుండా ఉండే ఉంటుంది. ఎవరైనా వెంటపడినా, మాటలు విసిరినా ఆ దారి మార్చుకుని ఊరుకోవద్దు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి, వరంగల్ కమిషనరేట్‌లో షీ టీమ్స్ ఉన్నది అందుకే. వీధికుక్కలు ఎదురైనప్పుడు పరుగెత్తకుండా, వాటి కళ్లలోకి చూడకుండా నిలబడి, మెల్లగా పక్కకు జరగండి. కరిస్తే మాత్రం, గీత పడినా సరే, వెంటనే సబ్బు పెట్టి ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఎంజీఎంకు గానీ దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్లి టీకా వేయించుకోవాలి.

ఎండ సంగతి వేరు, దానితో పంతం పనికిరాదు. దసరా నుంచి శివరాత్రి దాకా మన ప్రాంతంలో మధ్యాహ్నపు నడక హాయిగానే ఉంటుంది. మార్చి సగం దాటాక పరిస్థితి మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే, రోహిణి కార్తెలో రాళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. ఆ రోజుల్లో పన్నెండు నుంచి నాలుగు వరకు బయట నడవవద్దు. భోజనం తరువాతి పన్నెండు నిమిషాలను ఆఫీసు భవనంలోనే, వరండాలోనో మెట్ల మీదనో పూర్తిచేయండి. షుగర్ విషయంలో నష్టమేమీ లేదని పైన చెప్పాను. బయటి నడకను రోజుకు రెండు చివరలకు జరపండి. పొద్దున ఆటో దిగే చోటును ఒక స్టాపు ముందుకు మార్చుకుని అక్కడి నుంచి నడిచి రావచ్చు, సాయంత్రం ఆరున్నరకు ఆఫీసు వదిలేసరికి మే నెలలో ఇంకా వెలుతురు ఉంటుంది కాబట్టి అప్పుడూ ఒక స్టాపు దూరం నడవవచ్చు. డిసెంబరులో మాత్రం ఆ వేళకు చీకటి పడిపోతుంది, అప్పుడు ఆ నడకను నాలుగున్నరకే ముగించుకోండి.

ఎండాకాలంలో పొద్దున పదకొండు లోపు వెళ్లినా గొడుగు, నూలు చున్నీ తప్పనిసరి. దాహం వేయకముందే నీళ్లు తాగి బయలుదేరండి, తిరిగి వచ్చాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగండి, రక్తపోటు ఉన్నవారు ఆ ఉప్పు గురించి తమ డాక్టరును అడగాలి. తల తిరగడం, వికారం, గుండె దడ అనిపిస్తే వెంటనే నీడలో కూర్చోవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలి. వానాకాలానికి పెద్ద సలహా ఏమీ లేదు. ముసురు పట్టిన రోజున లోపలే నడవండి, నీళ్లు నిలిచిన వీధిలో మూతలేని నాలా ఎక్కడ ఉందో కనిపించదు కాబట్టి అటు అడుగు పెట్టవద్దు.

నడుము గురించి. ఎక్కువసేపు ఒకే భంగిమలో కూర్చోవడం వల్ల వచ్చే పట్టివేతకు కదలికే మొదటి ఉపశమనం, రోజుకు మూడుసార్లు లేవడం వల్ల రెండు మూడు వారాల్లో తేడా మీకే తెలుస్తుందని ఆశిస్తున్నాను. ఆఫీసుకు వేసుకొచ్చే ఎత్తుమడమ చెప్పులతో మాత్రం నడవవద్దు, బల్ల కింద ఒక జత చదునైన, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో ఉంచుకోండి. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి పట్టినా, కాలు పట్టు తప్పుతున్నా, మూత్రం మీద అదుపు తగ్గినా అది నడకతో తీరే నొప్పి కాదు, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

ఇక మేనేజర్ గారు గడియారం చూసిన విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. మీ ఆఫీసులో బయటికి వెళ్లి రావడం నిషిద్ధం కాదు, ఛాయ్ పేరుతో అది రోజుకు మూడుసార్లు జరుగుతూనే ఉంది. ఛాయ్‌కి వెళ్లినవారు ఎక్కడికి వెళ్లారని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ విరామానికి అందరూ ఒప్పుకున్న ఒక పేరు ఉంది. మీ నడకకు ఇంకా ఆ పేరు రాలేదు, అంతే. కాబట్టి దాన్ని ఆరోగ్యం బాగాలేనివారికి ఇచ్చే మినహాయింపులా బతిమాలి తెచ్చుకోవద్దు. అలా తెచ్చుకున్నది పని ఒత్తిడి పెరిగిన మొదటి వారంలోనే పోతుంది. తోటివారికి ఇప్పటికే ఉన్న విరామాన్ని మీరు మరో విధంగా వాడుకుంటున్నారు, అలాగే చెప్పండి. ఛాయ్ వేళకే బయలుదేరితే మాట మరింత తేలికవుతుంది.

ఎవరూ అడగకముందే మీరే వెళ్లి చెప్పడం మంచిది. "సార్, కూర్చుని చేసే పనిలో మధ్యమధ్య నడవమని డాక్టర్ గారు చెప్పారు. పదకొండున్నరకు, నాలుగున్నరకు ఛాయ్ సమయంలో ఎనిమిదేసి నిమిషాలు నడిచి వస్తాను. ఫోను నా దగ్గరే ఉంటుంది, కౌంటరు దగ్గర ఎవరైనా ఉంటే వాళ్ల పని ముగించాకే లేస్తాను" అని ఒక్కసారి స్పష్టంగా చెబితే, ఆయన మనసులో ఉన్న ప్రశ్నలన్నింటికీ జవాబు దొరుకుతుంది. పరిశోధనల పేర్లు ఆయనకు చెప్పనవసరం లేదు, చెప్పిన వేళకు తిరిగి కుర్చీలో ఉండడమే ఆయనకు కావలసిన రుజువు. భోజన విరామంలో నడిచే పన్నెండు నిమిషాలకైతే ఎవరి అనుమతీ అక్కరలేదు, అది మీ సమయమే. కార్ఖానాల్లో పనిచేసేవారికి 5 గంటలకు మించి ఏకధాటిగా పని చెప్పకూడదని, కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మీ ఆఫీసుకు ఆ చట్టం వర్తించకపోయినా, పనిచేసే దేహానికి విరామం ఒక హక్కన్న భావన మన దేశంలో ఎప్పటి నుంచో ఉన్నదే. "ఎటు పోయినవ్?" అని అడిగే తోటివారికి "నడిచొస్తున్నా, మీరూ రండి" అన్న జవాబు చాలు. కొన్నాళ్లకు వారు అడగడం మానేస్తారు, ఒకరిద్దరు వెంట కూడా వస్తారు.

మీ ఉత్తరం చదువుతున్నప్పుడు నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు గుర్తుకొచ్చారు. వారికి వెయ్యి బీడీల లెక్కన కూలి, లేచిన ప్రతి నిమిషానికీ కూలి తగ్గుతుంది, అందుకే నడుములు వంగిపోయినా లేవరు. వారికి ఈ సలహా ఇచ్చేముందు ఆ కూలి విధానం గురించి మాట్లాడవలసి ఉంటుంది. నెల జీతం మీద పనిచేసే మీకు ఎనిమిది నిమిషాలు లేస్తే ఒక్క రూపాయి కూడా తగ్గదు. చేతిలో ఉన్న ఆ వెసులుబాటును మొహమాటంతో వదులుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఈ పేజీ చదువుతున్న మరికొందరికి ఒక మాట. ఇప్పటికే ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు నడక వేళలు మార్చుకునేముందు తమ డాక్టరుతో మాట్లాడాలి, వెంట చక్కెర బిళ్లలో గ్లూకోజు పొడో ఉంచుకోవాలి. మీకు మందులు లేవు కాబట్టి నడకతో షుగర్ మరీ పడిపోతుందన్న భయం లేదు.

హెచ్‌బీఏ1సీ గడచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది, అందువల్ల పది రోజులకే మళ్లీ పరీక్ష చేయించుకుని నిరాశపడవద్దు. ఈ సోమవారం మొదలుపెట్టి మూడు నెలలు నడిచాక, వీలైతే అదే ల్యాబులో, మళ్లీ చేయించండి. 6.1 కంటే తగ్గితే ఇదే క్రమాన్ని కొనసాగించండి. అక్కడే ఆగితే మధ్యాహ్నం అన్నం పరిమాణం కాస్త తగ్గించి కూర, పప్పు పెంచుకోండి, రాత్రి భోజనం తరువాత ఇంటి ముందు వీధిలోనో డాబా మీదనో పది నిమిషాల నడకను చేర్చండి. 6.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, ఇంకొన్నాళ్లు నడిచి చూద్దామని ఆగకుండా, ఆ వారంలోనే డాక్టర్ గారిని కలవండి.